రాకేష్ పేరు పక్కన సున్న

గద్వాల దగ్గరి గట్టు దిక్కు పల్లెల్లో కాగితం పట్టుకొని వచ్చిన మనిషికి ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్ళు తక్కువ. అది అబద్ధాలకోరుతనం కాదు, బతుకు నేర్పిన జాగ్రత్త. కింది వాడలో, కూలి చేసుకునే ఇళ్ళల్లో, అన్నీ తగ్గించి చెబుతారు. ఫ్రిజ్జు ఉంటే దాని మీద పాత చీర కప్పుతారు. మోటారు సైకిలు బామ్మర్దిది అంటారు. సంపాదించే కొడుకును ఎందుకూ పనికిరానివాడంటారు. వెనకటికి ఒకావిడ తన కొడుకుకు కొలువు దొరికిందని సర్వే వాళ్ళకు గొప్పగా చెప్పుకొని, మూడు నెలలకల్లా రేషన్ కార్డు పోగొట్టుకుంది. ఆ కథ వాడలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఇక భూములున్న మీది ఊళ్ళో పద్ధతి వేరు. వడగళ్ళు పడ్డప్పుడల్లా పంట నష్టం రాసుకునేవాళ్ళు అక్కడికి వస్తుంటారు కనుక, ఎకరం పోతే రెండెకరాలు పోయిందనడం వాళ్ళ తాతల నాటి అలవాటు. మీద గోరంతను కొండంత చేస్తారు, కింద కొండంతను గోరంత చేస్తారు. విజయమ్మ కింది వాడ మనిషి.

ఆమె ఊళ్ళో పండేది సీడు పత్తి, అంటే విత్తనాల కంపెనీల కోసం వేసే పత్తి. దానికి చాకిరీ ఎక్కువ. సాయంత్రం ఆడ సాళ్ళలో మొగ్గలు గిల్లి పెట్టాలి, తెల్లవారి మగ సాళ్ళలోని పువ్వు తెచ్చి ఒక్కొక్క మొగ్గకూ రుద్దాలి. క్రాసింగ్ అంటారు దాన్ని. ఒక్క పూట తప్పితే ఆ పూట పువ్వంతా పోయినట్టే. విజయమ్మ పదిహేనేళ్ళుగా మల్లన్న ఆరెకరాల్లో ఆ పని చేసింది. ఆమె చెయ్యి పడ్డ సాలులో కాయ రాలదని మల్లన్న భార్య ఇందిరమ్మ నలుగురిలో చెప్పేది. చెప్పడమే గాని, కూలి మాత్రం అందరితో సమానంగానే ఇచ్చేది.

గొడవ ఆ కూలి దగ్గరే మొదలైంది. నిరుడు వానాకాలం, క్రాసింగ్ నడిమధ్యలో ఉండగా, ఆడవాళ్ళు రోజుకు యాభై రూపాయలు పెంచమన్నారు. రైతులు పెంచేది లేదన్నారు. పెంచకపోగా రాయచూరు దిక్కు నుంచి ఒక ట్రాక్టరు నిండా కూలీలను పిలిపించారు. ఆ ట్రాక్టరును వాడ వాళ్ళు ఊరి మొగదల ఆపారు. మొదట మాటలు, తర్వాత కట్టెలు, తర్వాత రాళ్ళు. రెండు రోజుల్లో మూడు బండ్లు కాలాయి, బోరు మోటార్ల డబ్బాలు పగిలాయి, మల్లన్న కొట్టానికి ఎవరో నిప్పు పెడితే కట్టేసిన దూడ కాలి చచ్చింది. పోలీసులు వచ్చి కూర్చున్నాక పన్నెండు రోజులు ఎవరూ చేన్లలో అడుగు పెట్టలేదు. పువ్వులు పూసినవి పూసినట్టే పోయాయి.

విజయమ్మ కొడుకు రాకేష్ కూడా పోయాడు. ఇరవై నాలుగేళ్ళు. కూలి సంగతి వాడికి పట్టింది కాదు, ఊళ్ళో ఉండేవాడూ కాదు. కొత్తకోటలో రోడ్డు మీద లారీ మెకానిక్కు. రెండు వారాలకొక ఐతారం ఇంటికి వచ్చేవాడు, ఆ ఐతారమూ అలాగే వచ్చాడు. బస్సు దిగేసరికి ట్రాక్టరు ముందర ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు, వాళ్ళలో తల్లి ఉంది. ఆమెను చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకుపోదామని వెళ్ళాడు. చెవి వెనక రాయి తగిలింది. కర్నూలు దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఆ రాయి ఎవరిదో ఇవాళ్టికీ తేలలేదు. కేసులో పంతొమ్మిది పేర్లున్నాయి, గద్వాల కోర్టులో వాయిదాల మీద వాయిదాలు పడుతున్నాయి.

నాలుగు నెలలు గడిచాక కావ్య అనే అమ్మాయి ఊళ్ళోకి వచ్చింది. వనపర్తి పిల్ల, పెద్ద చదువు చదివింది. హైదరాబాదులో ఏదో పరిశోధన సంస్థ, పల్లెల్లో కొట్లాటల వల్ల ఎంత నష్టం జరుగుతుందో లెక్క తీయమని ఆమెను పంపింది. ఇది సర్కారు పని కాదు, దీనికి పైసలు రావు, ఉన్న కార్డులు పోవు అని ఆమె ప్రతి ఇంట్లోనూ మొదటే చెప్పింది. ఎవరూ నమ్మలేదు. ఇట్లా చెప్పి ముంచినవాళ్ళను వాళ్ళు చాలామందిని చూశారు.

విజయమ్మ ఇంట్లో కావ్య గంటసేపు కూర్చుంది. గొడవ జరగకపోయి ఉంటే ఈ ఏడు ఈ ఇంటికి ఎంత వచ్చేది అన్నది ఆమె అడగాల్సిన ప్రశ్న. దాన్నే అటు తిప్పి ఇటు తిప్పి అడిగింది. ఎన్ని రోజుల కూలి పోయింది, దవాఖానకు ఎంతయింది, అప్పు చేశారా. విజయమ్మా, మొగుడు జయరాజూ ఎప్పటిలాగే అన్నీ కొంచెం కొంచెం కోసి చెప్పారు. పైన స్లాబు వేసిన ఆ రెండు గదులు కూడా మరిది కట్టించి ఇచ్చాడన్నారు. చివరకు ఆ అమ్మాయి గొంతు తగ్గించి, పోయిన మీ అబ్బాయి ఏం పని చేసేవాడు, నెలకు ఎంత తెచ్చేవాడు అని అడిగింది.

“ఏం పని లేదు బిడ్డా,” అన్నది విజయమ్మ. “తిని తిరుగుతుండె.”

కావ్య ఇంకోసారి అడిగింది. విజయమ్మ ఇంకోసారి అదే చెప్పింది. జయరాజు పక్కనే ఉన్నాడు. ఆయననడిగినా అదే చెప్పేవాడు. నోట్లోంచి వచ్చాక కూడా ఆ మాట తప్పని ఆమెకు అనిపించలేదు. రేషన్ వాళ్ళు వచ్చినా, ఇళ్ళ లెక్క వాళ్ళు వచ్చినా ఎనిమిదేళ్ళుగా కొడుకు గురించి ఆమె చెబుతున్న మాటే అది. ఒకటి రెండుసార్లు రాకేష్ పక్కన నిలబడి, తనను తిడుతుంటే వింటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుకున్నాడు కూడా.

పది రోజుల తర్వాత కావ్య ఊరి వాళ్ళందరినీ బడి వరండాలోకి పిలిచింది. రాసిన లెక్క ఊరి ముందర చదివి వినిపించాలట, తప్పులుంటే చెప్పాలట. మీది వాళ్ళు ఒక దిక్కు, కింది వాళ్ళు ఒక దిక్కు కూర్చున్నారు. గొడవ తర్వాత అందరూ ఒక కప్పు కిందికి రావడం అదే మొదలు. కావ్య నిలబడి చదివింది. సీడు పత్తి నష్టం నలభై ఒక్క లక్షలు. అందులో తొమ్మిది తనవేనని మల్లన్న అడక్కుండానే అందరికీ వినపడేలా చెప్పాడు. కాలిన బండ్లు లక్షా అరవై వేలు. మోటార్లు డెబ్బై వేలు. పోయిన కూలి దినాలు ఇన్ని, దవాఖాన ఖర్చులు ఇన్ని. కాలి చచ్చిన దూడ ఒకటి, పన్నెండు వేలు. మనిషి ప్రాణం ఒకటి, పోయిన రాబడి సున్న.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే విజయమ్మకు కొంచెం నయంగా ఉండేది, కోపం రావడానికి ఒక మనిషి దొరికేవాడు. అందరూ నేల చూశారు. దూడకు పన్నెండు వేలు, తన కొడుకుకు సున్న. ఇది ఎవరు రాశారా అని ఒక్క క్షణం వెతుక్కుంది, అప్పుడు తన గొంతే తనకు వినిపించింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. గోడ పట్టుకొని లేచింది.

అందరూ పోయేదాకా ఆగి ఆమె కావ్య దగ్గరికి వెళ్ళింది. తాను చెప్పింది అబద్ధమని చెప్పింది. ఎందుకు చెప్పిందో కూడా చెప్పింది. అలవాటు సంగతి ఆ పిల్లకు తెలియనిదా, ఆమె తల్లి కూడా వనపర్తిలో అలాగే చెబుతుంది. కాని సంతకం పెట్టిన లెక్కను మార్చాలంటే కాగితం ఏదైనా ఉండాలంది. రాకేష్ పని చేసిన చోటి నుంచి, ఇంత జీతమని రాసిచ్చిన కాగితం చాలు. శుక్రవారం సాయంత్రానికి వనపర్తిలో సంస్థ తీసుకున్న గదికి తెస్తే మార్చుతుంది, ఆ తర్వాత లెక్కలన్నీ హైదరాబాదుకు పోతాయి. అది గురువారం.

ఇంట్లో జయరాజు వద్దన్నాడు. పోయినోడు పోయాడు, పుస్తకంలో రాసుకుంటే తిరిగి వస్తాడా అన్నాడు. రూపాయి వచ్చేది లేదు, పైగా కొడుకు అంత సంపాదించేవాడని రాతలో పెడితే రేపు ఆ కార్డు కాస్తా పోతుందన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కొడుకును పూడ్చిన నాటి నుంచి ప్రార్థనకు పోయినా పాట పాడకుండా కూర్చొని వస్తున్నాడు. అట్లాంటి మనిషి మీద అరవడానికి విజయమ్మకు మనసు రాలేదు.

“కార్డు పోతే పోనీ,” అన్నది. “నేను కన్నోణ్ణి నా నోటితోనే సున్న జేసిన. నేనే దిద్దుత.”

తెల్లవారి ఆమె సంచిలో రొట్టెలు జయరాజే పెట్టాడు.

శుక్రవారం పొద్దున గద్వాల బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే మల్లన్న బండి ఆపాడు. ఆమె ఎక్కడికి పోతున్నదో ఊరంతటికీ తెలిసిపోయింది. ఆయన బండి దిగలేదు, ఆమె మొహమూ చూడలేదు. రాకేష్ రెండుసార్లు తన ట్రాక్టరు బాగుచేశాడని, కావాలంటే ఆ సంగతి రాసి సంతకం పెట్టి ఇస్తానని అన్నాడు. దూడను చదివి పిల్లగాణ్ణి సున్న అనడం తనకూ మంచిగా అనిపించలేదన్నాడు. నిజంగానే అన్నాడు, పైపైన అన్నది కాదు. కాని కేసులో ఉన్న పంతొమ్మిది పేర్లలో ఆయన తమ్ముడి కొడుకు పేరూ ఉంది.

“నీ నష్టం నువ్వు రాపిచ్చుకున్నవ్ గదన్నా,” అన్నది విజయమ్మ. “నాది నేను రాపిచ్చుకుంట.”

గద్వాలలో దిగి, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా కొత్తకోట పోయే బస్సెక్కింది. కండక్టరుకు ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే జీరో టికెట్టు ఇచ్చాడు. కిటికీ పక్కన కూర్చొని ఆమె ఒకే ఒక్క సంగతి ఆలోచించింది. ఎనిమిదేళ్ళు కొడుకు పని చేసిన చోటు తాను ఒక్కసారి కూడా చూడలేదు. ఎన్నిసార్లు రమ్మన్నాడో. క్రాసింగ్ అయిపోనీ, పత్తి ఏరుడు అయిపోనీ అంటూ వాయిదా వేసింది. చూడాల్సిన మనిషి పోయాక చోటు చూడటానికి పోతున్నది.

కొత్తకోటలో పెద్దరోడ్డు పక్కన, ధాబాలకు అవతల ఉంది ఆ షెడ్డు. నేలంతా నల్లటి నూనె. నాలుగు లారీలు విప్పి పెట్టి ఉన్నాయి. యజమాని పేరు నరేందర్, అందరూ ఉస్తాద్ అంటారు. రాకేష్ తల్లినని చెప్పగానే ఆయన చేతిలోని పానా కింద పెట్టి, చేతులు తుడుచుకొని, కుర్చీ తుడిచి వేశాడు. చాయ తెప్పించాడు. కాగితం అడిగితే మారుమాట లేకుండా బిల్లు పుస్తకంలోంచి ఒక ఆకు చింపి రాశాడు. రాకేష్ ఎనిమిదేళ్ళు తన దగ్గర పని చేశాడని, చివరి రెండేళ్ళు నెలకు పదహారు వేలు జీతమని, గేరుబాక్సు పనిలో ఈ రోడ్డు మీద అంతటివాడు లేడని రాసి, షెడ్డు ముద్ర వేసి ఇచ్చాడు. గేరుబాక్సు సంగతి ఎవరూ అడగలేదు, అయినా రాశాడు.

ఆ తర్వాత ఆయన ఆమెకు సంతోషం కలిగిద్దామనుకున్నాడు పాపం. షెడ్డు వెనక రేకుల కింద చెక్కబల్ల చూపించి, గది కిరాయి దండగని రాకేష్ ఇక్కడే పండుకునేవాడన్నాడు. నెల కాగానే పదమూడు వేలు ఫోనులో ఇంటికి కొట్టి, మిగిలిన మూడు వేలతో నెల్లాళ్ళు ఈదేవాడన్నాడు.

“పొద్దుగాల చాయ, బన్ను. పగటీలి ధాబల ఒక్క పూట తింటుండె,” అన్నాడు నరేందర్. “రాత్రికి ఆకలైతలేదు ఉస్తాద్ అంటుండె. అసొంటి కొడుకు ఎవలికి దొరుకుతడమ్మా.”

విజయమ్మ తలూపింది. ప్రతి రాత్రీ ఎనిమిదింటికి ఆమె ఫోను చేసేది. తిన్నవా అని అడిగేది. తిన్ననమ్మా అనేవాడు. ఏం తిన్నవని అడిగితే అన్నం, పప్పు, ఒకరోజు చికెను అని పేర్లు చెప్పేవాడు. తాను సర్కారు వాళ్ళకు చెప్పిన అబద్ధాలు కార్డు కోసం. వాడు చెప్పినవి ఆమె నిద్ర కోసం. ఆ పదమూడు వేలతోనే స్లాబు పడింది. ఆ స్లాబు కింద తాను రెండు పూటలా తిని పండుకుంది. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా సిగ్గు పుట్టింది. చాయ గ్లాసు అట్లాగే కింద పెట్టి, వనపర్తి బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగింది.

వనపర్తిలో కావ్య వాళ్ళ గది వెతుక్కొని చేరేసరికి నాలుగైంది. కావ్య నీళ్ళిచ్చి, కాగితం చదివి, దాన్ని ఫోనుతో ఫోటో తీసుకుంది. తర్వాత పలక లాంటి తన మిషను తెరిచి రాకేష్ పేరు వెతికి, పాత రాతను కొట్టేసింది. పని అన్నచోట లారీ మెకానిక్ అని రాసింది. నెల రాబడి అన్నచోట పదహారు వేలు అని రాసింది. విజయమ్మ దాన్ని చదివి వినిపించమంది. విన్నాక ఇంకోసారి చదవమంది. రెండోసారి విన్నప్పుడు నాలుగు నెలల్లో మొదటిసారిగా ఆమెకు గుండెల మీద బరువు కొంచెం తగ్గింది.

“ఇంగొకటి అడగాలె పెద్దమ్మా,” అన్నది కావ్య. అడగడానికి ఆ పిల్లకు నోరు రావడం లేదు. వేలితో మిషను అంచును గీకుతూ చెప్పింది. మనిషి తెచ్చిన దాంట్లోంచి ఆ మనిషి తన కోసం పెట్టుకున్న ఖర్చు తీసేయాలి. ముఖ్యంగా తిండి. వాడు తిన్నది ఇంటికి ఎట్లాగూ చేరేది కాదు కనుక, అది ఇంటికి నష్టం కింద రాదు. తీసేయగా మిగిలినదాన్ని అరవై ఏళ్ళ వయసు వచ్చేదాకా లెక్క కట్టి, అదే రాకేష్ పేరు పక్కన వేస్తారు. ఈ పద్ధతి తాను పెట్టింది కాదని, ఎక్కడైనా ఇట్లాగే చేస్తారని కూడా చెప్పింది. ఆ తర్వాత ఒక మంచి మాట చెప్పింది. తిండి ఎంత తక్కువైతే రాకేష్ లెక్క అంత పెద్దగా వస్తుంది, కాబట్టి జాగ్రత్తగా గుర్తు చేసుకొని చెప్పమంది.

విజయమ్మకు అర్థమైంది. బతుకంతా తగ్గించి చెప్పిన మనిషి. ఇప్పుడు తగ్గించి చెబితేనే కొడుకు విలువ పెరుగుతుంది, అందులో అబద్ధం కూడా లేదు. మూడు వేలు అంటే చాలు. సున్న అన్నచోట పెద్ద అంకె పడుతుంది, మల్లన్న పత్తి కంటే పెద్దది. దాని కోసమే కదా పొద్దున్నుంచి మూడు ఊర్లు తిరిగింది. మూడు అన్న మాట ఆమె నాలుక దాకా వచ్చింది. కాని ఆ మాట అంటే, నా కొడుకు రాత్రిళ్ళు పస్తులు పండుకున్నాడని తానే సాక్ష్యం చెప్పినట్టు. హైదరాబాదులో ఎవరో ఆ అంకెను చూస్తారు, చూసి తమ లెక్క తాము వేసుకుంటారు. ఆకలి కూడా రాబడి కిందే జమ అవుతుంది.

కావ్య ఎదురు చూస్తున్నది. బయట ఎవరో బకెట్టుతో నీళ్ళు పడుతున్నారు.

“ఏడు వేలు రాయి బిడ్డా,” అన్నది విజయమ్మ.

కావ్య తలెత్తింది. అంతయి ఉండదేమో, సరిగ్గా చూసుకోమని చెప్పింది. ఏడు వేలంటే లెక్క చాలా తగ్గిపోతుందని, తర్వాత మార్చడానికి కుదరదని చెప్పింది.

“తగ్గనీ,” అన్నది విజయమ్మ. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కాసేపటికి తీసి, ఒక్కొక్కటే చెప్పింది. “పొద్దుగాల ఇడ్లి తింటుండె. పగటీలి అన్నం, కూర. రాత్రికి మల్ల అన్నం. ఐతారమైతే కూర తెచ్చుకుంటుండె. నా కొడుకు కడుపునిండ తిన్నడు. గట్లనే రాయి.”

కావ్య ఏడు వేలు అని రాసింది.